టర్బో ల్యాగ్ తగ్గాలంటే ఏది మార్చాలి: డౌన్‌పైపా, మానిఫోల్డా, క్యాట్‌బ్యాకా?

మూడో గేరులో 1,700 ఆర్‌పీఎం దగ్గర వెళ్తున్నారు. ముందు లారీ. సందు దొరికింది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారు. బండి కాసేపు ఆలోచించుకున్నట్టు ఉండి, తర్వాత ఒక్కసారిగా వీపుని సీటుకి అదిమేస్తుంది. మధ్యలో పోయిన ఆ క్షణాన్ని అందరూ టర్బో ల్యాగ్ అనే అంటారు, దాన్ని తగ్గిస్తామని చెప్పి అమ్మే ఎగ్జాస్ట్ భాగాలూ చాలానే ఉన్నాయి. అయితే అవన్నీ ఒకే పని చెయ్యవు. ఇంజన్ వదిలే గ్యాస్‌తో తిరిగే చక్రం టర్బైన్, అది తిరిగితే ఇంజన్‌లోకి ఒత్తిడితో వెళ్లే గాలే బూస్ట్. టర్బైన్‌కి ముందున్న భాగం (మానిఫోల్డ్) మారిస్తే బూస్ట్ ఎక్కడ మొదలవుతుందో మారుతుంది. టర్బైన్ వెనకున్న భాగం (డౌన్‌పైప్, క్యాట్‌బ్యాక్) మారిస్తే, మొదలైన బూస్ట్ ఎంత త్వరగా పెరుగుతుందో మారుతుంది. మీ బండికి వీటిలో ఏది కావాలో తేల్చుకోకుండా సైలెన్సర్ కొంటే చివరికి మిగిలేది శబ్దమే.

కొనే ముందు ఒక లాగ్ తీయండి

పికప్ ఆలస్యం కావడానికి మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి. మొదటిది పెడల్, గేర్‌బాక్స్. పెడల్ తొక్కగానే థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి వదిలే తలుపు) పూర్తిగా తెరుచుకోకుండా ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, మెల్లగా తెరుస్తుంది. ఆటోమేటిక్ అయితే ఏ గేరులోకి దిగాలో తేల్చుకోవడానికి కొంత సమయం పోతుంది. డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) బండ్లలో జనం తిట్టుకునే ల్యాగ్‌లో పెద్ద వాటా ఇదే, దీనికి ఎగ్జాస్ట్‌తో సంబంధమే లేదు. రెండోది బూస్ట్ మొదలయ్యే ఆర్‌పీఎం. దానికంటే కింద ఎంత తొక్కినా టర్బైన్ తిప్పడానికి సరిపడా గాలి ఇంజన్ నుంచి రాదు. మూడోదే అసలైన ల్యాగ్. ఆర్‌పీఎం సరిపడా ఉన్నా, చక్రం వేగం అందుకోవడానికి పట్టే సమయం అది.

ఈ మూడింటినీ విడదీయడానికి ఓబీడీ పోర్టులో పెట్టే మంచి డాంగుల్, లాగింగ్ యాప్ చాలు. బండి నడుస్తుండగా తీసే అంకెల రికార్డే లాగ్. పెడల్ స్థానం, థ్రాటిల్ ప్లేట్ కోణం, ఆర్‌పీఎం, మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) ప్రెషర్, ఈసీయూ అడుగుతున్న బూస్ట్, వేస్ట్‌గేట్ (మిగులు గ్యాస్‌ని టర్బైన్ పక్క నుంచి మళ్లించే తలుపు) స్థానం, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రికార్డు చేయాలి. ఇంజన్ బాగా వేడెక్కాక, ట్రాక్ మీదో డైనో (పవర్ కొలిచే రోలర్ల యంత్రం) మీదో, గేర్‌బాక్స్ మాన్యువల్ మోడ్‌లో పెట్టి, మూడో గేరులో 1,800 దగ్గర నిలకడగా నడుపుతూ పెడల్ పూర్తిగా తొక్కండి. మూడు సార్లు చేసి మధ్య ఫలితాన్ని తీసుకోండి. తర్వాత అదే పరీక్ష 3,000 దగ్గర నుంచి చేయండి. పెడల్ తొక్కిన క్షణం నుంచి, అడిగిన బూస్ట్‌లో 90 శాతం వచ్చే దాకా ఎంత పట్టిందో రాసి పెట్టుకోండి.

ఒక చిన్న జాగ్రత్త. మ్యాప్ సెన్సర్ చూపేది బయటి గాలి ఒత్తిడితో కలిపి మొత్తం ప్రెషర్. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే విశాఖలో దాదాపు 101 కిలోపాస్కల్స్ చూపుతుంది. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. బూస్ట్ లెక్క కట్టేటప్పుడు మీ ఊరి అంకెనే తీసేయాలి. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఒక లాగ్, కొత్త పైపు వేశాక తెల్లవారుజామున ఇంకో లాగ్ తీసి పోల్చడం దండగ. చల్లగాలి ఇచ్చిన లాభాన్ని పైపు ఖాతాలో వేసుకున్నట్టవుతుంది.

లాగ్ ఇలా చదవాలి. పెడల్ 100 చూపుతున్నా థ్రాటిల్ ప్లేట్ వెనకబడి నెమ్మదిగా తెరుచుకుంటుంటే పని ఈసీయూలో ఉంది, ఎగ్జాస్ట్‌లో కాదు. థ్రాటిల్ తెరుచుకున్నా 2,200 దాకా ప్రెషర్ గీత పడుకునే ఉండి అక్కడి నుంచి నిటారుగా లేస్తే, అది బూస్ట్ మొదలయ్యే చోటు సమస్య. 3,000 నుంచి తొక్కినప్పుడు కూడా గీత ఏటవాలుగా సాగుతూ, వేస్ట్‌గేట్ పూర్తిగా మూసి ఉన్నా అడిగిన బూస్ట్‌ని అందుకోలేకపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా టర్బైన్ వెనక దారి ఇరుకుగా ఉంది.

లీకునే ముందు వెతకండి. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నల్లటి మసి గీత కనిపించినా, ఉదయం చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ అని వినిపించి వేడెక్కాక ఆగిపోయినా, టర్బైన్‌కి ముందే గ్యాస్ బయటికి పోతోందని అర్థం. లోహం వేడికి వ్యాకోచించి పగులు మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగుతుంది, లీకు మాత్రం మళ్లీ తెరుచుకుంటుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల క్లాంపులు వదులైనా బూస్ట్ ఇలాగే అందుకోదు. దానికైతే టర్బో గాలి పీల్చే నోటి నుంచి 0.5 బార్ గాలి ఎక్కించి అతుకుల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు ఎక్కడ వస్తున్నాయో ఇట్టే తెలుస్తుంది. వందల రూపాయల గ్యాస్కెట్‌తో పోయే జబ్బుకి వేల రూపాయల డౌన్‌పైప్ మందు వేస్తున్నవాళ్లు తక్కువేమీ లేరు.

వెనక దారి వెడల్పు చేస్తే ఎంత లాభం?

టర్బైన్ తిరిగేది గ్యాస్ ఒత్తిడి తేడా వల్ల, వేడి వల్ల. ముందు 2 బార్, వెనక 1.3 బార్ ఉంటే నిష్పత్తి 1.54. వెనక ఒత్తిడిని 1.1కి దించితే నిష్పత్తి 1.82. అదే గ్యాస్, అదే వేడి ఉన్నా టర్బైన్‌కి దక్కే శక్తి మూడో వంతుకి పైగా పెరుగుతుంది. అందుకే టర్బో ఇంజన్‌లో టర్బైన్ తర్వాత ఒత్తిడి ఎంత తక్కువుంటే అంత మంచిది. ‘కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే కింద పికప్ పోతుంది’ అని షెడ్డుల్లో చెప్పే మాట టర్బో బండికి వర్తించదు.

ఇంతవరకే చెప్పి పైపు అమ్మేవాళ్లు ఆపేస్తారు. మిగతా సగం కూడా చూడాలి. పైపులో అడ్డంకి వల్ల పుట్టే ఒత్తిడి, ప్రవాహానికి దాదాపు వర్గంగా పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ బూస్ట్‌లో వెనక ఒత్తిడి 30 కిలోపాస్కల్స్ ఎక్కువగా ఉందనుకుందాం. 2,000 దగ్గర, బూస్ట్ ఇంకా రాకముందు, ప్రవాహం అందులో ఆరో వంతు. అంటే అడ్డంకి ముప్పై ఆరో వంతు, ఒక కిలోపాస్కల్ కూడా లేదు. అక్కడ లేని అడ్డంకిని తీసేసి సాధించేది ఏమీ లేదు. బూస్ట్ పెరగడం మొదలై ప్రవాహం ఎక్కువయ్యే కొద్దీ పెద్ద డౌన్‌పైప్ సాయం చేస్తుంది. అందువల్ల 1,500 దగ్గర బండి బరువుగా లేస్తోందని బాధపడేవాళ్లకి డౌన్‌పైప్ మందు కాదు. 2,500 దాటాక తొక్కితే ఆలస్యంగా అందుకుంటోంది అనేవాళ్లకి అది పనిచేస్తుంది. పెద్ద టర్బో వేసుకున్నవాళ్లకి ఇంకా బాగా పనిచేస్తుంది.

డౌన్‌పైప్

టర్బో నుంచి కిందికి దిగే మొదటి పైపు ఇది, పొగని శుద్ధి చేసే మొదటి క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) సాధారణంగా ఇందులోనే ఉంటుంది. ఎగ్జాస్ట్ మీద ఒకే ఒక్క భాగానికి డబ్బు పెట్టాలంటే, టర్బైన్ వెనక ఉన్నవాటిలో దీనికే పెట్టాలి.

సైజు విషయంలో అత్యాశ వద్దు. 110 నుంచి 120 పీఎస్ ఇచ్చే ఒక లీటర్ టర్బోకి 57 మి.మీ. పైపు సరిపోతుంది. 150 పీఎస్ దగ్గర 63.5 మి.మీ., 230 నుంచి 350 పీఎస్ మధ్య 76 మి.మీ. వేసుకోవచ్చు. సైజుకంటే ముఖ్యమైనది టర్బో నోటి దగ్గర ఆకారం. చక్రం నుంచి సుడి తిరుగుతూ వచ్చే గ్యాస్, పక్కనే వేస్ట్‌గేట్ నుంచి అడ్డంగా దూసుకొచ్చే గ్యాస్ అక్కడ కలుస్తాయి. నోరు వెడల్పుగా మొదలై 10, 15 సెంటీమీటర్ల దూరంలో మెల్లగా పైపు సైజుకి సన్నబడాలి. ఫ్లాంజ్ దగ్గరే 90 డిగ్రీల మలుపు, ఆ వెంటనే 76 మి.మీ. పైపు ఉన్న నమూనా కంటే, సాఫీగా వంగిన 63.5 మి.మీ. పైపే నయం.

క్యాట్ ఎంపిక అసలైన పరీక్ష. కంపెనీ క్యాట్‌లలో చదరపు అంగుళానికి గ్యాస్ పోయే సన్నని గదులు 400 నుంచి 600 ఉంటాయి. బయట దొరికే హై ఫ్లో క్యాట్‌లలో 300, 200 గదులవి ఉన్నాయి. రోడ్డు మీద నడిచే బండికి 300 గదుల, లోహపు రేకుతో చేసిన క్యాట్ మా మొదటి ఎంపిక. 200 గదులది గ్యాస్‌ని ఇంకాస్త తేలిగ్గా వదులుతుంది, కానీ వెనక ఆక్సిజన్ సెన్సర్ అది సరిగా పనిచేయడం లేదని పట్టుకుని పి0420 కోడ్‌తో చెక్ లైట్ వెలిగించే అవకాశం ఎక్కువ. చవక క్యాట్‌లలో విలువైన లోహాల పూత పల్చగా ఉంటుంది. మొదటి ఆరు నెలలు బాగానే ఉండి ఆ తర్వాత లైట్ వచ్చేది ఇలాంటివాటితోనే. సెన్సర్ కింద స్పేసర్ పెట్టి లైట్ ఆర్పడం మోసమే, క్యాట్ చేయాల్సిన పని దానితో జరగదు.

క్యాట్ లేని ఖాళీ పైపు సంగతి. 200 గదుల క్యాట్‌తో పోలిస్తే బూస్ట్ వేగంలో వచ్చే తేడా లాగ్‌లో వెతుక్కోవాల్సినంత చిన్నది. దాని కోసం కళ్లు మండే పొగ, కారులో పిల్లలకి తలనొప్పి, పొల్యూషన్ పరీక్షలో ఫెయిలవడం కొనుక్కోవాలి. ఇది వద్దని గట్టిగా చెప్తున్నాం.

క్యాట్‌ని టర్బోకి ఎంత దగ్గరగా పెట్టారో కూడా చూడండి. అది పనిలోకి దిగాలంటే సుమారు 250, 300 డిగ్రీలకి వేడెక్కాలి. అమర్చడం తేలికని అరమీటరు కిందికి జరిపితే చల్లటి ఉదయం అది మేలుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఆ వ్యవధంతా పొగ శుద్ధి కాకుండానే బయటికి పోతుంది.

ఇక చేతి పని. పైపుని కొనే ముందు లోపలికి టార్చి వేసి వెల్డింగ్ గీత చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని టిగ్ వెల్డ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. నింపకపోతే లోపలి వైపు లోహం మాడి, పాకం గడ్డకట్టినట్టు నల్లగా గరుకుగా పొంగి ఉంటుంది. బయట ఇంద్రధనుస్సు రంగులతో వెల్డింగ్ ఎంత అందంగా ఉన్నా లోపల ఇలా ఉంటే ఆ అతుకు పెళుసు. వేడికి పగులుతుంది, రాలిన పెళ్లలు కిందున్న క్యాట్‌లోకి వెళ్తాయి. పైపు 304 గ్రేడ్, గోడ మందం కనీసం 1.5 మి.మీ. ఉండాలి. మైల్డ్ స్టీల్ కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో త్వరగా తుప్పు పట్టిపోతుంది.

ఆక్సిజన్ సెన్సర్ బిగించే బొడిపె అడ్డంగా పడుకుని గానీ కిందికి చూస్తూ గానీ ఉండకూడదు. అడ్డగీతకి కనీసం 10 డిగ్రీల పైకి ఉండాలి, లేకపోతే చల్లటి స్టార్ట్‌లో పేరుకున్న నీటి చుక్కలు సెన్సర్ మీద పడి లోపలి సిరామిక్ పగులుతుంది. మెత్తటి జాలీ పైపు, అంటే ఫ్లెక్స్, తప్పకుండా ఉండాలి. దాని తర్వాత కంపెనీ ఇచ్చిన చోట బ్రాకెట్‌తో పట్టు దొరకాలి. ఫ్లెక్స్ లేకుండా బరువంతా టర్బోకి వేలాడితే ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ భారం టర్బో హౌసింగ్ మీద పడుతుంది, పగిలేది అదే.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు బూస్ట్ క్రీప్. వెనక దారి తేలికైతే టర్బైన్ మీదుగా ఎక్కువ గ్యాస్ పోతుంది. వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదైతే, పూర్తిగా తెరిచినా మిగులు గ్యాస్‌ని పక్కకి మళ్లించలేదు. 4,500 దాటాక బూస్ట్ అడిగినదాన్ని మించి పాకుతూ పైకి వెళ్తుంది. ఈసీయూ పి0234 కోడ్ వేసి పవర్ కోసేస్తే అదృష్టమే, అది స్పందించేలోపు నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తే పిస్టన్ పోతుంది. గాలి చిక్కగా ఉన్నప్పుడు ఇది ఎక్కువ. మే నెలలో అంతా బాగున్న బండి డిసెంబరు తెల్లవారుజామున క్రీప్ చేయడానికి కారణం ఇదే. కొత్త పైపు వేశాక చల్లటి పూట లాగ్ తీసి, వేస్ట్‌గేట్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు అసలు బూస్ట్ అడిగిన బూస్ట్ దగ్గరే ఉందో లేదో చూడకుండా బండిని లాగించొద్దు.

ట్యూన్ (ఈసీయూ ప్రోగ్రాం మార్చడం) లేకుండా డౌన్‌పైప్ వేస్తే ఎంత లాభం అని చాలామంది అడుగుతారు. ఈసీయూ టార్క్‌ని లెక్కగట్టి నడిపే ఈ కాలపు బండ్లలో గరిష్ఠ బూస్ట్ మారదు. ఆ బూస్ట్ దాకా చేరే సమయం కొంచెం తగ్గుతుంది, అంతే. ఈ పైపుని పూర్తిగా వాడుకోవాలంటే దానికి తగ్గ ట్యూన్ కావాలి. ఆ ట్యూన్ ఏ క్యాట్‌కి, ఏ పెట్రోలుకి రాసిందో ముందే అడగండి. ఎక్కువ ఆక్టేన్‌కి రాసిన ఫైలుతో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించుకుంటే ఇగ్నిషన్ సమయం వెనక్కి జరిగి, పైపు ఇచ్చిన లాభం అక్కడే పోతుంది.

క్యాట్‌బ్యాక్

క్యాట్ తర్వాత నుంచి వెనక బంపర్ దాకా ఉండే పైపు, మఫ్లర్లు. ఇక్కడికి వచ్చేసరికి గ్యాస్ చల్లబడి దాని ఘనపరిమాణం తగ్గిపోతుంది, అందువల్ల అడ్డంకి కూడా తక్కువ. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) టర్బో ఉన్న బండికి క్యాట్‌బ్యాక్ వల్ల ల్యాగ్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. కొన్ని కిలోల బరువు తగ్గుతుంది, శబ్దం మారుతుంది. శబ్దమే కావాలనుకుంటే కొనుక్కోండి, తప్పు లేదు. ల్యాగ్ కోసం మాత్రం చివరగా కొనాల్సింది ఇదే. కంపెనీ పైపు ఎక్కడైనా నొక్కుకుపోయి ఉంటే లేదా మఫ్లర్ లోపలి పలక ఊడి దారికి అడ్డం పడితే తప్ప.

మానిఫోల్డ్, ట్విన్ స్క్రోల్, హౌసింగ్

బూస్ట్ మొదలయ్యే చోటునే కిందికి దించాలంటే టర్బైన్‌కి ముందు పని చేయాలి. కానీ ఇక్కడ చాలామందికి తలుపు మూసే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా మాడిఫై చేసే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలోని ఈఏ211 ఇంజన్లలో, అంటే 1.0 టీఎస్‌ఐ, 1.5 టీఎస్‌ఐలలో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ, విఆర్‌ఎస్‌లలో ఉన్న మూడో తరం ఈఏ888 కూడా అంతే. విప్పడానికి అక్కడ విడి మానిఫోల్డ్ లేదు. వీటికి ‘హెడర్స్’ (విడి గొట్టాల మానిఫోల్డ్) అని ఎవరైనా అమ్మజూపితే ఆ దుకాణం నుంచి వచ్చేయండి.

విడి మానిఫోల్డ్ ఉన్న బండ్లలో రెండు దారులు. పోత ఇనుముతో చేసిన పొట్టి, దుంగ ఆకారపు ‘లాగ్’ మానిఫోల్డ్‌లో పైపు ఘనపరిమాణం తక్కువ, కాబట్టి ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. గట్టిది, పగలడం తక్కువ. కానీ సిలిండర్లు వదిలే గ్యాస్ అలలు (పల్సులు) ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. సమాన పొడవు గొట్టాల మానిఫోల్డ్ పల్సుల్ని వరుసగా అందిస్తుంది, పైన పవర్ బాగుంటుంది. కాకపోతే పొడవాటి గొట్టాల్ని నింపాలి, వేడి చేయాలి. సరిగా గీయని పొడవు గొట్టాల మానిఫోల్డ్ వేసుకుంటే ల్యాగ్ పెరుగుతుంది కూడా. అందుకే ‘ట్యూబులర్ (గొట్టాల మానిఫోల్డ్) వేస్తే స్పూల్, అంటే టర్బో వేగం అందుకోవడం, పెరుగుతుంది’ అనే హామీని అలాగే నమ్మకండి. పైపులు 304 లేదా 321 గ్రేడ్‌లో దాదాపు 2.8 మి.మీ. మందం ఉండాలి, టర్బోకి విడిగా ఊతం ఉండాలి.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నిజంగా తేడా తెచ్చేది ట్విన్ స్క్రోల్. ఫైరింగ్ వరుస 1-3-4-2 కాబట్టి 1, 4 సిలిండర్లని ఒక దారిలో, 2, 3 సిలిండర్లని ఇంకో దారిలో టర్బైన్ దాకా విడివిడిగా తీసుకెళ్తారు. ఒక సిలిండర్ పల్సు పక్క సిలిండర్ వాల్వులోకి వెనక్కి తన్నదు, పల్సులోని బలమంతా చక్రానికే చేరుతుంది. 1,500 నుంచి 3,000 మధ్య ఇది ఇచ్చే లాభం ఏ డౌన్‌పైపూ ఇవ్వదు. షరతు ఒక్కటే: విభజన చివరిదాకా ఉండాలి. మానిఫోల్డ్, గ్యాస్కెట్, టర్బైన్ హౌసింగ్, వేస్ట్‌గేట్ దారి అన్నీ రెండుగానే ఉండాలి. రెండు దారుల్నీ ఒకే వేస్ట్‌గేట్ గొట్టంలో అడ్డుగోడ లేకుండా కలిపేస్తే, అక్కడి నుంచే పల్సులు కలిసిపోయి డబ్బంతా వృథా.

టర్బో మార్చేవాళ్లు చూడాల్సిన అంకె ఏ/ఆర్. టర్బైన్ హౌసింగ్ గొంతు వైశాల్యానికీ, మధ్య నుంచి దాని దూరానికీ ఉన్న నిష్పత్తి అది. ఉదాహరణకి గ్యారెట్ జీ25-550కి 0.49, 0.72, 0.92 హౌసింగ్‌లు ఉన్నాయి. అంకె చిన్నదైతే గ్యాస్ వేగంగా చక్రాన్ని తాకి త్వరగా తిప్పుతుంది, పై ఆర్‌పీఎంలలో మాత్రం గొంతు బిగుసుకుంటుంది. రోడ్డు మీద నడిపే రెండు లీటర్ల బండికి పెద్ద పవర్ అంకె మీద మోజుతో 0.92 ఎంచుకోవడం, ఆ తర్వాత ల్యాగ్ గురించి వాపోవడం తరచూ జరిగే పొరపాటు. 0.72 దగ్గర ఆగండి.

అమెరికాలో సుబారు నడిపే తెలుగువాళ్లకి ఒక ప్రత్యేక మాట. 2015 నుంచి 2021 దాకా వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్‌లోని ఎఫ్‌ఏ20 ఇంజన్‌లో ట్విన్ స్క్రోల్ టర్బో కంపెనీ నుంచే ఉంది, టర్బో ఇంజన్ కింద ఉంటుంది. అక్కడ డౌన్‌పైప్ స్థానంలో మార్చే భాగాన్ని జే-పైప్ అంటారు. అదే కాలపు ఎస్‌టీఐలోని ఈజే25కి సింగిల్ స్క్రోల్ టర్బో ఇంజన్ పైన ఉంటుంది, దాని దాకా గ్యాస్‌ని తీసుకెళ్లే అప్-పైప్ అతుకుల్లో లీకు వస్తే స్పూల్ నేరుగా దెబ్బతింటుంది. కాలిఫోర్నియాలో ఉంటే కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చే ఈఓ అనుమతి నంబర్ ఉన్న భాగమే కొనండి, స్మాగ్ పరీక్షలో ముందు అడిగేది అదే.

వేస్ట్‌గేట్ యాక్చుయేటర్

దీన్ని ఎవరూ ఎగ్జాస్ట్ భాగంగా లెక్కలోకి తీసుకోరు, కానీ డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేవాటిలో ఇదొకటి. గాలి గొట్టంతో పనిచేసే పాత తరహా యాక్చుయేటర్‌లో స్ప్రింగు అలసిపోతే, బూస్ట్ లక్ష్యం చేరకముందే ఫ్లాప్ కొద్దిగా తెరుచుకుని గ్యాస్‌ని వదిలేస్తుంది. కడ్డీ ప్రీలోడ్ (ముందస్తు బిగువు) తయారీదారు చెప్పిన కొలతకి బిగిస్తే, లేదా కాస్త బిరుసు స్ప్రింగు వేస్తే, ఫ్లాప్ చివరిదాకా మూసుకుని ఉంటుంది. అతిగా బిగిస్తే కనీస బూస్ట్ పెరిగిపోయి ఈసీయూ అదుపు తప్పుతుంది. ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ ఉన్న కొత్త బండ్లలో చేత్తో తిప్పి సరిచేయడం కుదరదు, స్కానర్‌తో అడాప్టేషన్ చేయాలి, అంటే ఫ్లాప్ స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పాలి. వేస్ట్‌గేట్ ఇరుసు అరిగి గలగలమంటుంటే ఫ్లాప్ పూర్తిగా కూర్చోదు, అప్పుడు ఏ డౌన్‌పైప్ వేసినా దండగే.

గుడ్డ, దుప్పటి, పూత

టర్బైన్‌కి వేడి కూడా ఇంధనమే. టర్బో దుప్పటి ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, బానెట్ కింద వేడి తగ్గిస్తుంది. స్పూల్ లాభం చిన్నదే అయినా ట్రాఫిక్‌లో ఎండకి నలిగే మన బండ్లకి ఇంటేక్ గాలి చల్లబడటం మంచిదే. మీ టర్బో నమూనాకి కుట్టినదే తీసుకోండి, యాక్చుయేటర్‌ని కప్పకూడదు. బజాల్ట్ గుడ్డ డౌన్‌పైప్‌కి చుట్టవచ్చు. పోత ఇనుము మానిఫోల్డ్‌కి చుడితే వేడి మరీ ఎక్కువై పగుళ్లు వస్తాయి. చుట్టే ముందు ఆయిల్ లీకులన్నీ ఆపాలి. ఆయిల్ పీల్చిన గుడ్డ నిప్పంటుకుంటుంది. డబ్బుంటే సిరామిక్ పూత వేయించండి, వానాకాలంలో గుడ్డలా తడిని పట్టి ఉంచదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సవరించిన సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే సెక్షన్ 190 కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు అనర్హత ఉన్నాయి. ట్రాక్ కోసమే బండి కట్టుకుని ట్రెయిలర్ మీద కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో చెన్నై సర్క్యూట్‌కో తీసుకెళ్లేవాళ్ల సంగతి వేరు. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి క్యాట్, మఫ్లర్ ఉండి తీరాలి. వారంటీ, ఇన్సూరెన్స్ షరతులు కూడా ముందే చదివి పెట్టుకోండి. డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట అసలు వినొద్దు.

ఏ బండికి ఏది

పోలో, వర్టస్, టైగన్, స్లావియాలలోని 1.0 టీఎస్‌ఐ: ఎగ్జాస్ట్ జోలికి వెళ్లకండి. టర్బో చిన్నది, త్వరగానే తిరుగుతుంది. మీకు తెలుస్తున్న ఆలస్యం చాలావరకు పెడల్ మ్యాప్, గేర్‌బాక్స్. లీకులు చూసుకుని మంచి ట్యూన్ చేయిస్తే పైపు కంటే ఎక్కువ తేడా వస్తుంది.

1.5 టీఎస్‌ఐ: 250 న్యూటన్ మీటర్ల టార్క్ 1,600 దగ్గరే వచ్చేస్తుంది. స్టాక్ టర్బోతో డౌన్‌పైప్ అవసరం లేదు. ట్యూన్ చేసి 5,000 పైన ఊపిరి కావాలంటే 63.5 మి.మీ., 300 గదుల క్యాట్.

ఆక్టావియా 1.8, విఆర్‌ఎస్ 230, విఆర్‌ఎస్ 245: డౌన్‌పైప్‌కి విలువున్న బండ్లు ఇవే. 1.8లో ఉన్న ఐఎస్12 చిన్న టర్బో, విఆర్‌ఎస్‌లో ఐఎస్20 ఉంటుంది. 76 మి.మీ., 300 గదులు, దానికి తగ్గ ట్యూన్, ఆ తర్వాత వేస్ట్‌గేట్ అడాప్టేషన్. ఇంకా పెద్దదైన ఐఎస్38 టర్బోకి మారితే స్పూల్ వెనక్కి జరుగుతుంది, అప్పుడు డౌన్‌పైప్ తప్పనిసరి అవుతుంది. రోడ్డు మీద ఓవర్‌టేక్‌లే ముఖ్యమనుకునేవాళ్లు ఐఎస్20 దగ్గరే ఉండిపోవడం మంచిది.

విడి మానిఫోల్డ్ ఉన్న పాత నాలుగు సిలిండర్ల ట్రాక్ బండి: ముందు ట్విన్ స్క్రోల్ మానిఫోల్డ్, సరైన ఏ/ఆర్. ఆ తర్వాత డౌన్‌పైప్. చివరికి దుప్పటి.

బిగించేటప్పుడు

బండి రాత్రంతా చల్లారాక మొదలుపెట్టండి. ముందురోజే నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. టర్బో స్టడ్ బిగుసుకుపోతే పానాకి పైపు తగిలించి బలం చూపించకండి. కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి తిప్పుతూ వదిలించాలి, విరిగిందంటే టర్బో దింపాల్సిందే. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

పాత గ్యాస్కెట్, వీ-బ్యాండ్ క్లాంపు మళ్లీ వాడకండి. కొత్త పైపుని అన్ని చోట్లా వదులుగా తగిలించి, బ్రాకెట్లు తమంతట తాము కూర్చున్నాక, టర్బో వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా వర్క్‌షాప్ మాన్యువల్ టార్క్‌కి బిగించాలి. ఎక్కడైనా చేత్తో లాగి పట్టుకుంటే తప్ప బోల్టు ఎక్కడం లేదంటే పైపు కొలత తప్పు. అలాగే బిగిస్తే ఫ్లెక్స్ దగ్గర తెగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ మరలకే యాంటీ-సీజ్ రాయాలి, కొనకి అంటకూడదు. బిగింపు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు. వైరు పైపుకి తగలకుండా కట్టండి. డ్రైవ్ షాఫ్ట్‌కీ, ఫ్లోరుకీ, బ్రేకు గొట్టాలకీ మధ్య కనీసం వేలు దూరేంత ఖాళీ ఉండాలి. రివర్స్‌లో, మొదటి గేరులో ఇంజన్ ఊగినప్పుడు కూడా ఆ ఖాళీ మిగిలి ఉందో లేదో ఇంకొకరిని చూడమనండి.

మొదటి స్టార్ట్‌లో వచ్చే తెల్ల పొగ తయారీ నూనెది, పది నిమిషాల్లో పోతుంది. చల్లారనిచ్చి అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు పెట్టి, వెనక గొట్టంలోంచి బ్లోయర్ గాలి కొట్టి చూడండి. 200 కిలోమీటర్లు నడిచాక వేడికి సాగిన క్లాంపుల్ని మరోసారి బిగించి, మొదట లాగ్ తీసిన ఉష్ణోగ్రత దగ్గరే, అదే గేరులో, అదే 1,800 నుంచి, అదే 3,000 నుంచి మళ్లీ లాగ్ తీయండి. 3,000 నుంచి తీసిన గీత ముందుకంటే నిటారుగా లేవాలి, అడిగిన బూస్ట్ దగ్గర ఆగాలి, ఆ పైకి పాకకూడదు. పాకిందంటే ఆ రోజు నుంచే ఫుల్ థ్రాటిల్ ఆపేసి వేస్ట్‌గేట్ సంగతి చూసుకోండి.